మొహేగన్ శిథిలాల మీదికి దిగే ముందు

లండన్ నుంచి న్యూయార్క్ బయలుదేరిన మొహేగన్ అనే ఆవిరి ఓడ 1898 అక్టోబరు 14 సాయంత్రం కార్న్‌వాల్ తీరంలోని మానకిల్స్ రాళ్లకు గుద్దుకుని పావుగంటలోపే మునిగిపోగా, 106 మంది చనిపోయారు. ఇప్పుడక్కడ ఓడ ఆకారమంటూ లేదు. సుమారు 20 నుంచి 30 మీటర్ల లోతున బాయిలర్లు, ఇనుప రేకులు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. అండమాన్‌లోనో రుషికొండలోనో డైవింగ్ నేర్చుకుని బ్రిటన్‌కు వచ్చిన మనవాళ్లు కొందరు, ముక్కలైన ఓడలో చిక్కుకునే గదులుండవు కదా అని ధీమాగా ఉంటారు. ఆ ధీమా తగదు.

మానకిల్స్ దగ్గర ప్రవాహం బలంగా ఉంటుంది కాబట్టి, పోటుకూ పాటుకూ నడుమ నీరు నిలకడగా ఉండే కాసేపట్లోనే దిగాలి. పడవ ఆలస్యమైతే ఆనాటి డైవ్ మానుకోవడమే మంచిది.

మార్చిలో ఇక్కడి నీరు 9 డిగ్రీల దగ్గర ఉంటుంది. నీరు లోపలికి రానివ్వని డ్రైసూట్ అనే దుస్తులను ముందుగా లోతు తక్కువ నీటిలో అలవాటు చేసుకోవాలి. సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ చన్నీటికి తగినది కాకపోతే గడ్డకట్టి గాలిని ఆగకుండా వదిలేస్తుంది. గాలి లెక్క ఒడ్డునే వేసుకోవాలి. 12 లీటర్ల సిలిండర్‌ను 200 బార్ల (బార్ ఒత్తిడికి కొలత) దాకా నింపితే 2400 లీటర్ల గాలి ఉంటుంది. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 30 మీటర్ల లోతున, ఒత్తిడి నాలుగింతలు కనుక, 80 లీటర్లు పీలుస్తాడు. అంటే 30 నిమిషాలు. చలికీ కంగారుకూ ఆ 20 కాస్తా 25 అయితే 24 నిమిషాలే, అందులో మూడో వంతు ఆపద కోసం అట్టేపెడితే చేతిలో ఉన్నవి 16.

తుప్పు పట్టిన రేకుల అంచులు మందపాటి గ్లవ్‌ను కూడా కోస్తాయి. వాటికి తగులుకుని తెగిపోయిన గాలం దారం ఆకుపచ్చటి నీటిలో కంటికి ఆనదు. సిలిండర్ వాల్వు వెనక చిక్కుకుంటే, ముందుకు కదలలేకపోయినప్పుడే తెలుస్తుంది. అప్పుడు గింజుకోకుండా ఆగి, తోడు డైవర్‌ను పిలవాలి. దారం కోసే సాధనం రెండు చేతులకూ అందేచోట కట్టుకోవాలి. ఒరిగిన రేకుల కిందికి, చేప కనిపించినా సరే, దూరకూడదు.

దిగిన తాడు దొరకకపోతే వెతుకుతూ గాలి ఖర్చు చేయకుండా, పడవవాళ్లకు మన చోటు తెలిపే గుర్తు బెలూన్‌ను పైకి వదిలి దాని తాడు వెంట ఎక్కుతూ, ఒంట్లో చేరిన నైట్రోజన్ బయటికి పోయేందుకు 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి. అడుగున దొరికిన ఏ వస్తువునైనా పైకి తెస్తే 28 రోజుల్లోగా ప్రభుత్వానికి తెలపాలని బ్రిటిష్ చట్టం చెబుతోంది. చూసి అక్కడే వదిలి రావడం నయం.