సింబల్స్ సరిగ్గా మోగడం లేదా? కొత్తవి కొనేముందు చూడాల్సినవి

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు మొదటి డ్రమ్ కిట్టు ఎక్కువగా చర్చి కోసమో, కాలేజీ బ్యాండ్ కోసమో, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా కోసమో వస్తుంది. కొన్నాళ్లకే సింబల్స్ (స్టాండు మీద పెట్టి కర్రతో కొట్టే లోహపు పళ్లేలు) మీద ఫిర్యాదులు మొదలవుతాయి. వెంటనే హైదరాబాద్ బస్సెక్కి కొత్తవి తెద్దామనిపిస్తుంది. రానుపోను రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగి, డబ్బు పోసి తెచ్చిన సింబల్‌ని మళ్లీ అదే స్టాండు మీద, అదే అరిగిన ఫెల్టు (సింబల్ ఆనే మెత్తటి బిళ్ల) మీద పెడితే ఏం లాభం? ముందు స్టాండు, ఫెల్టు, కొట్టే తీరు చూడండి. అవన్నీ బాగుండి కూడా మోత రాకపోతే అప్పుడు కొనండి. కొంటే పెడల్ తొక్కితే ఒకదానికొకటి తాకే సింబల్స్ జత, అంటే హై-హ్యాట్‌తోనే మొదలుపెట్టండి.

టంగ్‌మని కొట్టుకుని ఆగిపోతోంది, మోత సాగడం లేదు

ముందు సింబల్ పైన బిగించే వింగ్ నట్టు చూడండి. సింబల్ కదలకుండా బిగించి ఉంటే ఎంత ఖరీదైనదైనా ఇలాగే మోగుతుంది. నట్టు వదులు చేసి, సింబల్‌ని వేలితో తోస్తే ఊయలలా ఊగేంత స్వేచ్ఛ ఇవ్వండి. కింద ఒక ఫెల్టు, పైన ఒక ఫెల్టు ఉండాలి. కింది ఫెల్టు కింద ఇనుప వాషర్ ఉండాలి. మన దగ్గర సగం స్టాండ్లలో పై ఫెల్టు ఎప్పుడో పోయి ఉంటుంది, దాని స్థానంలో గుడ్డ పేలిక చుట్టి ఉంటుంది.

ఇదంతా సరిచేసినా మోత రాకపోతే కారణం లోహం. కిట్టుతో పాటు ఉచితంగా వచ్చే సింబల్స్ దాదాపు అన్నీ పల్చటి ఇత్తడి రేకులే. ఇత్తడి అంటే రాగి, జింకు. కంచు అంటే రాగి, తగరం. మంచి కంచు భజన తాళానికీ, ఇత్తడి బిందె మూతకీ మోతలో ఎంత తేడా ఉందో ఇక్కడా అంతే. ఇత్తడిలో శబ్దం పుడుతుంది కానీ విచ్చుకోదు, త్వరగా చచ్చిపోతుంది.

కొనేటప్పుడు కంపెనీ పేరు కంటే సిరీస్ పేరు ముఖ్యం. జిల్జియన్ 1623లో ఇస్తాంబుల్‌లో మొదలైన కంపెనీ. ఆ కుటుంబంలోని రాబర్ట్ జిల్జియన్ విడిపోయి 1981లో కెనడాలో సాబియన్ పెట్టాడు. రెండూ గొప్ప పేర్లే. కానీ ఆ గొప్ప పేరే అడుగు మెట్టు ఇత్తడి పళ్లెం మీదా ఉంటుంది. జిల్జియన్ ప్లానెట్ జెడ్, సాబియన్ ఎస్‌బీఆర్, మైనల్ హెచ్‌సీఎస్, పైస్టే పీఎస్టీ 3, ఈ నాలుగూ (ముందున్నది కంపెనీ పేరు, తర్వాతది సిరీస్ పేరు) ఇత్తడే. ఇంట్లో నేర్చుకోవడానికి పనికొస్తాయి, నేను కాదనను. స్టేజి మీద మాత్రం ఏడాది తిరక్కుండానే విసుగొస్తుంది.

దాని పై మెట్టు బీ8 అనే కంచు. ఇందులో 92 శాతం రాగి, 8 శాతం తగరం. జిల్జియన్ ఐ, సాబియన్ బీ8ఎక్స్, మైనల్ హెచ్‌సీఎస్ బ్రాంజ్, పైస్టే పీఎస్టీ 7 ఈ కోవలోవి. తక్కువ డబ్బుతో కొనేవాళ్లు ఆగాల్సిన చోటు ఇదే అని నా అభిప్రాయం. శబ్దం కొంచెం కరుగ్గా, స్పష్టంగా ఉంటుంది. రేకు నుంచి కోసి యంత్రాలతో సుత్తి దెబ్బలు వేస్తారు కాబట్టి ఒకే మోడల్‌లో ఒకదానికీ ఇంకోదానికీ పెద్ద తేడా ఉండదు. అందుకే ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా ప్రమాదం తక్కువ.

పైన ఉండేది బీ20 కంచు. 80 శాతం రాగి, 20 శాతం తగరం. లోహాన్ని కరిగించి ఒక్కోదాన్నీ విడిగా పోత పోస్తారు. మోత లోతుగా, అనేక పొరలతో ఉంటుంది. ఒకే మోడల్‌లోనూ ఏ రెండూ ఒకేలా మోగవు కాబట్టి చెవితో విని ఎంచుకోవాలి. ఖరీదు ఎక్కువ, అయితే సాబియన్ ఎక్స్‌ఎస్‌ఆర్ లాంటివి ఈ లోహంలో కాస్త అందుబాటులో ఉంటాయి. మధ్యలో 12 శాతం తగరంతో జిల్జియన్ ఎస్ ఉంది.

బీ8 అంటే చవక సరుకు అని కొందరు తీసిపారేస్తారు. లెడ్ జెప్పెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ వాయించిన పైస్టే 2002 సిరీస్ కూడా బీ8 కంచే. లోహం ఒక్కటే సరిపోదు, దాన్ని మలిచిన పనితనం కూడా లెక్కలోకి వస్తుంది.

అన్నీ ఒకేసారి మార్చేంత డబ్బు లేదు, ఏది ముందు?

హై-హ్యాట్. పాట మొదలైనప్పటి నుంచి చివరిదాకా చెవిలో పడేది అదే. ఊపు కోసం ఒక్కసారిగా కొట్టే క్రాష్ చరణానికి ఒకటి రెండుసార్లు వస్తుంది, అంతే. 14 అంగుళాల బీ8 హై-హ్యాట్ జత ముందు కొని, పాత ఇత్తడి క్రాష్, వరసగా తాళం వేసే పెద్ద సింబల్ రైడ్‌తో కొన్నాళ్లు నెట్టుకురండి. తర్వాత 16 అంగుళాల క్రాష్, చివర్లో 20 అంగుళాల రైడ్.

షాపువాళ్లు సెట్టు తీసుకోమంటారు. ధర చూస్తే లాభంగానే కనిపిస్తుంది. పెట్టెలో సైజులు చదవండి. 13 అంగుళాల హ్యాట్, 14 అంగుళాల క్రాష్, 18 అంగుళాల క్రాష్-రైడ్ (రెండు పనులకూ వాడేది) ఉంటే అది చిన్న సెట్టు. 14, 16, 20 ఉంటే అది పూర్తి సెట్టు. రెండూ ఒకే సిరీస్ పేరుతో పక్కపక్కనే ఉంటాయి, ధర మాత్రం ఒక్కదానిదే చెబుతారు. ఇంకోటి: ఫైవ్ పీస్ కిట్ అంటే ఐదు డ్రమ్ములు. సింబల్స్ ఆ లెక్కలోకి రావు. చాలా కిట్లతో అసలు రావు కూడా.

వేర్వేరు కంపెనీలవి కలపొచ్చా అని అడుగుతారు. కలపొచ్చు. హై-హ్యాట్ జత మాత్రం జతగానే కొనండి.

హై-హ్యాట్ పెడల్ తొక్కితే చిక్ అనడం లేదు, థప్ అంటోంది

ఇది సింబల్ జబ్బు కాదు. రెండూ సమంగా ఒకదానిమీద ఒకటి కూర్చుంటే మధ్యలో గాలి చిక్కుకుంటుంది, శబ్దం లోపలే అణిగిపోతుంది. కింది సింబల్ కూర్చునే కప్పు అడుగున ఒక చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని తిప్పితే కింది సింబల్ ఒక పక్కకు కొంచెం వాలుతుంది, గాలికి దారి దొరుకుతుంది. మీ స్టాండుకు ఆ స్క్రూ లేకపోతే కప్పులో ఫెల్టు కింద ఒక వైపున మడిచిన అట్టముక్క పెట్టండి.

రెండిటిలో బరువైనది కింద ఉండాలి. చాలావాటి మీద టాప్, బాటమ్ అని రాసే ఉంటుంది, అయినా తిరగేసి పెట్టిన కిట్లు ఎన్నో కనిపిస్తాయి. తెరిచి ఉన్నప్పుడు మధ్యలో అంగుళంలోపు సందు చాలు. పై సింబల్‌ని పట్టే క్లచ్ వదులైతే వాయిస్తూ ఉండగానే సింబల్ జారుతుంది, అది కూడా ఒకసారి బిగించి చూసుకోండి.

పాట వినబడట్లేదు, సింబలే వినబడుతోంది

పాస్టర్ గారి నుంచి ఎక్కువగా వచ్చే మాట ఇది. రేకుల షెడ్డు, సున్నం గోడలు, నేల మీద బండలు. శబ్దాన్ని పీల్చుకునేది ఏదీ లేదు. దానికి తోడు క్రాష్ సరిగ్గా పాడేవాళ్ల వెనకే ఉంటుంది, వాళ్ల మైకులోకి పోయి స్పీకర్ల నుంచి రెండింతలై వస్తుంది. మిక్సర్ దగ్గర కూర్చున్న తమ్ముడు పాట పెంచితే సింబల్ కూడా పెరుగుతుంది.

ముందు కిట్టును పక్కకు జరపండి, పాడేవాళ్ల మైకు వీపు కిట్టు వైపు ఉండేలా చూడండి. లావుగా ఉండే 5బీ స్టిక్స్ వాడుతుంటే సన్నటి 7ఏకి మారండి. కిట్టు వెనక గోడకు మందపాటి పరదా కట్టి, కింద జంపఖానా పరిస్తే తేడా అక్కడికక్కడే తెలుస్తుంది. సింబల్ అడుగున మధ్య ఉబ్బెత్తు డోమ్‌కీ అంచుకీ నడుమ చిన్న టేపు ముక్క అంటించినా మోత కొంత తగ్గుతుంది. ఇన్ని చేసినా తగ్గకపోతే మీ క్రాష్ ఆ గదికి మరీ మందం. మందపాటిది గట్టిగా కొడితే తప్ప విచ్చుకోదు, విచ్చుకున్నాక ఆగదు. పల్చటి 16 అంగుళాల క్రాష్ మెల్లగా తాకినా పలికి, త్వరగా తగ్గిపోతుంది.

ఇంట్లో ప్రాక్టీసుకు పక్కింటివాళ్ల గొడవైతే జిల్జియన్ ఎల్80 లాంటి చిల్లుల సింబల్స్ ఉన్నాయి. స్టేజికి పనికిరావు.

ఇక బయట, గ్రౌండులో పెళ్లి స్టేజి మీద సమస్య తిరగబడుతుంది. సింబల్ వినబడదు. అక్కడ గట్టిగా కొట్టి పగలగొట్టుకోకుండా ఒక మైకు పెట్టించుకోండి. బీ8 కరుకుదనం బయట పనికొస్తుంది, ముందుకు దూసుకొస్తుంది.

రైడ్ వాయిస్తుంటే అంతా హోరుగా కలిసిపోతోంది

పల్చటి సింబల్ గానీ, క్రాష్-రైడ్ గానీ అయితే ఇలాగే ఉంటుంది. అంచు నుంచి మూడు నాలుగు అంగుళాలు లోపలికి కొట్టండి, నైలాన్ మొన ఉన్న స్టిక్స్ వాడి చూడండి. దెబ్బ స్పష్టంగా వినబడుతుంది.

అంచున పగులు వచ్చింది

ముఖ్యమైన కారణాలు మూడు. నట్టు బిగించడం, స్టాండు రాడ్డుకు ప్లాస్టిక్ స్లీవ్ (తొడుగు) లేకపోవడం, అంచును స్టిక్ లావు భాగంతో నిటారుగా గొడ్డలిలా నరకడం. స్లీవ్ లేకపోతే ఇనుప మరలు సింబల్ మధ్య రంధ్రాన్ని కొరుక్కుంటూ పోతాయి, గుండ్రటి రంధ్రం తాళంచెవి కన్నంలా సాగుతుంది. స్లీవ్ దొరక్కపోతే మేస్త్రీలు వాడే లెవెల్ పైపు ముక్కో, బైకు పెట్రోలు పైపు ముక్కో రాడ్డు మీద బిగుతుగా పట్టేది తొడగండి. సింబల్‌ని మీ వైపు కాస్త వాల్చి, దెబ్బ పక్కకు జారిపోయేలా కొట్టడం అలవాటు చేసుకోండి.

పగిలినదాన్ని వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లకండి. అతను అతికిస్తాడు, నిజమే. ఆ వేడికి లోహం పదును పోతుంది, మోత చస్తుంది, కొన్నాళ్లకు పక్కనే మళ్లీ పగులుతుంది. చిన్న పగులైతే అది కనబడే చివర కంటే ఒక పిసరు అవతల డ్రిల్లుతో చిన్న రంధ్రం వేయించండి, పగులు అక్కడితో ఆగే అవకాశం ఉంది. లేదంటే పగిలిన మేర ఆకురాయితో అర్ధచంద్రంలా అరగదీసి అంచులు నున్నగా చేయండి. లోపలి గీతల వెంట గుండ్రంగా సాగిన పగులుకు మాత్రం మందు లేదు.

నల్లబడింది, పచ్చ కిలుం పట్టింది

చెమట చేతులు, దుమ్ము. వాయించాక పొడి నూలు గుడ్డతో తుడిస్తే చాలు. ఇంట్లోవాళ్లు ప్రేమతో ఇత్తడి బిందెలతో పాటు చింతపండు వేసి తోమేస్తారు, జాగ్రత్త. పులుపుకు పై పూత పోతుంది, లోగో చెరిగిపోతుంది, రేపు అమ్మాలంటే ధర రాదు. కడగాలంటే కొద్దిగా సబ్బు నీళ్లతో, గీతలు తిరిగిన దిశలోనే తుడిచి వెంటనే ఆరబెట్టండి. బోరు నీళ్లు అలాగే ఆరితే తెల్ల మరకలు పడతాయి.

సెకండ్ హ్యాండ్‌లో మంచిది దొరికింది, తీసుకోవచ్చా?

కొత్త ఇత్తడి కంటే పాత బీ8 మేలు. పగలు వెలుతురులో చూడండి. మధ్య రంధ్రం గుండ్రంగా ఉందా, అంచు చుట్టూ గోరు తిప్పితే ఎక్కడైనా తగులుతోందా, వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే సన్న గీత ఏదైనా కనబడుతోందా. తర్వాత వేలి మీద ఆనించి స్టిక్‌తో అంచు చుట్టూ మెల్లగా తట్టండి. ఒకచోట జర్రుమంటే అక్కడ పగులుంది. షాపులో గట్టిగా కొడితే ఏదైనా బాగానే ఉంటుంది, మెల్లగా కొట్టినప్పుడే అసలు గుణం తెలుస్తుంది. వెంట వచ్చినవాళ్లను వాయించమని మీరు పదడుగులు వెనక్కి జరిగి వినండి. మీ స్టిక్స్ మీరే తీసుకెళ్లండి.