పదవీ విరమణ తర్వాత మెదడుకు పని చెప్పడం ఎలా?

ఉద్యోగంలో ఉన్నంతకాలం మెదడుకు పని వెతకనక్కర్లేదు. తేల్చాల్సిన చిక్కు ఏదో ఒకటి రోజూ బల్ల మీదికి వచ్చి పడుతుంది. పదవీ విరమణతో ఆగిపోయేది అదే. ఇక ఆ చిక్కులను మనమే కోరి తెచ్చుకోవాలి.

పద్దులు చూసే ఉద్యోగం చేసినవాణ్ని కాబట్టి సుడోకు నాకు కాలక్షేపమే తప్ప కసరత్తు కాదు. మెదడు శిక్షణ ఫలితాలపై 2002లో వెలువడిన 'యాక్టివ్' అనే అమెరికా అధ్యయనంలో 65 ఏళ్లు దాటిన 2,832 మందిని పరిశీలించారు. జ్ఞాపకశక్తిలో శిక్షణ పొందినవారు అందులో, తర్కంలో పొందినవారు తర్కంలో మెరుగుపడ్డారు. అంటే ఏది సాధన చేస్తే అదే వస్తుంది. అందుకే చేతకానిదీ, వస్తే బాగుండునని ఎప్పటినుంచో మనసులో ఉన్నదీ ఎంచుకోండి. నేను కొత్త భాష పట్టుకున్నాను. మీకు అది సంగీతం కావచ్చు, వడ్రంగం కావచ్చు.

నేర్చుకునే తీరు ముఖ్యం. ఒక పేరా చదివి పుస్తకం మూసేస్తాను. గుర్తున్నంత కాగితం మీద రాసి, మళ్లీ పుస్తకం తెరిచి, తప్పినవాటిని ఎర్ర సిరాతో దిద్దుకుంటాను. ఆ ఎర్ర మాటలనే మర్నాడు, మూడు రోజులాగి, వారం తర్వాత చూడకుండా రాస్తాను. పదిసార్లు చదవడం కంటే ఇలా గుర్తుచేసుకోవడం వల్లే విషయం నిలుస్తుంది. కష్టంగా అనిపిస్తుంది, నిజమే. ఆ కష్టాన్ని తప్పించుకోకండి.

నేర్చుకున్నది ఎవరికైనా చెప్పండి. వాళ్లు ఎదురు ప్రశ్న వేస్తే మరీ మంచిది.

వినికిడి సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. మాటలు సరిగా వినబడక సభల్లో, చుట్టాల ఇళ్లలో మౌనంగా కూర్చుని, చివరికి వెళ్లడమే మానేసిన మిత్రులను చూశాను. ఎంత బాధాకరం! డిమెన్షియాపై (మతిమరుపు జబ్బు) వైద్య పత్రిక లాన్సెట్ వేసిన నిపుణుల కమిషన్ 2024లో పేర్కొన్న 14 నివారించదగ్గ ముప్పు కారకాల్లో వినికిడి లోపం, సరిచేయించుకోని చూపు లోపం ఉన్నాయి. కళ్లజోడుకు లేని మొహమాటం వినికిడి యంత్రానికి ఎందుకు? పరీక్ష చేయించుకోండి.

వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవండి. నిద్ర తగ్గించుకోకండి.

రోజువారీ పనులకు అడ్డొచ్చేంత మరుపు వస్తే వయసు మీద నెట్టేయకుండా వైద్యుణ్ని కలవండి. థైరాయిడ్ సమస్య, విటమిన్ బి12 లోపం, కుంగుబాటు, కొన్ని మందులు కూడా మరుపు తెస్తాయి. వీటికి చికిత్స ఉంది. వెళ్లేటప్పుడు వాడుతున్న మందులన్నీ రాసి పట్టుకెళ్లండి, నిద్రమాత్రలతో సహా.