బగ్‌ను సగానికి సగం కోస్తూ పట్టుకోవడం

“అప్‌డేట్ చేశాక పనిచేయట్లేదు, కాస్త చూడండి.” ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఇలాంటి రిపోర్టులు బోలెడు వస్తుంటాయి. జవాబు రాకపోతే నిర్లక్ష్యం అనుకుంటాం కానీ, అందులో చూడటానికే ఏమీ ఉండదు. బగ్ మీ మెషీన్లో ఉంది. దాన్ని సరిచేయగల మనిషి వేరే సిస్టమ్ ముందు, చాలాసార్లు ఉద్యోగం అయ్యాక మిగిలిన గంటలో కూర్చుని ఉంటారు. అదే తప్పు వాళ్ళకూ కనబడేలా చేయగలిగితే, ఒక్క లైను కోడ్ రాయకపోయినా బరువైన పని మీరు చేసినట్టే. దానికి ఉపాయం ఒకటే: అనుమానం ఉన్న మేరను సగానికి కోయడం, తప్పు ఉన్న సగాన్ని మళ్ళీ కోయడం.

ముందు మీ సెటప్‌నే అనుమానించండి

చాలా “బగ్‌లు” పాత సెట్టింగుల్లోనో, ఎప్పుడో వేసుకున్న ప్లగిన్‌లోనో తేలతాయి. ఫైర్‌ఫాక్స్ అయితే కొత్త ప్రొఫైల్‌తో తెరిచి చూడండి. టెక్స్ట్ ఎడిటర్లయిన విమ్‌కి ‘--క్లీన్’, ఈమాక్స్‌కి క్యాపిటల్ ‘-క్యూ’ ఇస్తే మీ సెట్టింగులు చదవకుండా మొదలవుతాయి. (ఈ వ్యాసంలో తెలుగులో ఉన్న కమాండ్లను టెర్మినల్‌లో ఇంగ్లిష్ అక్షరాలతోనే కొట్టాలి.) అలా తెరిస్తే సమస్య పోయిందా? ప్లగిన్లలో సగం ఆపండి. ఇంకా వస్తుంటే తప్పు మిగిలిన సగంలో ఉంది. 16 ప్లగిన్లున్నా నాలుగు సార్లలో తేలిపోతుంది.

తర్వాత వెర్షన్. డిస్ట్రిబ్యూషన్ (డెబియన్ లాంటి లైనక్స్ కూర్పు) ఇచ్చే ప్యాకేజీ, అసలు ప్రాజెక్టు విడుదల చేసిన దానికన్నా తరచూ వెనకబడి ఉంటుంది. కొత్త విడుదలలో బగ్ లేకపోతే అసలు ప్రాజెక్టుకు రాయడం వృథా, ప్యాకేజీ చూసుకునేవాళ్ళకు చెప్పాలి. డెబియన్‌లో ‘రిపోర్ట్‌బగ్’ అనే టూల్ ప్యాకేజీ వెర్షన్, అది ఆధారపడిన లైబ్రరీల వివరాలు తానే నింపి పంపుతుంది.

రాసేముందు వెతకండి, మూసేసిన రిపోర్టుల్లో కూడా. ఎర్రర్ మెసేజ్ మొత్తం పేస్ట్ చేస్తే ఏదీ దొరకదు, ఎందుకంటే అందులో మీ ఫోల్డర్ పేరు, మెమరీ అడ్రసు ఉంటాయి. అవి తీసేసి, అందరికీ ఒకేలా వచ్చే ముక్కతో వెతకండి. అదే బగ్ ముందే ఉంటే “నాకూ ఇదే” అని రాయొద్దు, దాన్ని ఫాలో అవుతున్న అందరికీ ఖాళీ నోటిఫికేషన్ వెళ్తుంది. వేరే వెర్షన్‌లోనో, వేరే హార్డ్‌వేర్ మీదో వస్తే మాత్రం తప్పక రాయండి, అది కొత్త సమాచారం.

ఫైల్‌ను కోయడం

ఊహకు ఒక ప్రోగ్రామ్ అనుకుందాం: 4,000 లైన్ల సీఎస్‌వీ ఫైల్ (కామాలతో గళ్ళు విడదీసిన టెక్స్ట్ పట్టిక) తెరవగానే క్రాష్ అవుతోంది. ఫైల్ కాపీ తీసుకుని కింది 2,000 లైన్లు తీసేయండి. ఇంకా క్రాష్ అయితే తప్పు పైన ఉంది, లేకపోతే కింద. ఇలా పన్నెండు సార్లలో ఒక్క లైనుకి వస్తారు. ఆ లైనులో కొటేషన్ మార్క్ తెరిచి మూసేయలేదని కనబడుతుంది. అక్కడ కూడా ఆగొద్దు. మిగిలిన గళ్ళు తీసేయండి, పేర్ల బదులు ‘ఎ’, ‘బి’ పెట్టండి. చివరికి నాలుగు అక్షరాల ఫైల్ మిగిలినా క్రాష్ అవుతుంటే, డెవలపర్‌కు కోడ్‌లో ఎక్కడ చూడాలో దాదాపు తెలిసిపోతుంది. పైగా మీ అసలు డేటా బయటపడదు.

రెండు సగాల్లోనూ క్రాష్ రాకపోతే కంగారు పడొద్దు. రెండు లైన్లు కలిస్తేనే బగ్ వస్తోందని, లేదా ఫైల్ సైజే కారణమని అర్థం. అప్పుడు సగాలు మాని, ఎనిమిదో వంతు చొప్పున తీసి చూడండి.

రిపోర్ట్ ఇలా ఉంటే చాలు

శీర్షిక: “మూసేయని కొటేషన్ ఉన్న సీఎస్‌వీ తెరిస్తే 2.4లో క్రాష్, 2.3లో రాదు.” కింద: జత చేసిన ఫైల్‌ను ఫలానా మెనూ నుంచి తెరిచాను. ఎర్రర్ చూపిస్తుందనుకున్నాను, విండో మూసుకుపోయింది. పదిసార్లలో పదిసార్లూ ఇలాగే. ఆపరేటింగ్ సిస్టమ్, వెర్షన్, ప్రోగ్రామ్ ఎక్కడినుంచి ఇన్‌స్టాల్ చేశానో. అంతే. కారణం గురించి మీ ఊహ ఉంటే ఆఖర్న, ఊహ అని చెప్పి రాయండి. ఊహను శీర్షికలో పెడితే చదివేవాళ్ళు దాని వెంటే పోతారు. ఒక రిపోర్ట్‌లో ఒకటే బగ్. మూడు కలిపి రాస్తే ఒకటి సరిచేశాక దాన్ని మూసేయాలో వద్దో ఎవరికీ తెలియదు.

క్రాష్ అయితే బ్యాక్‌ట్రేస్ (ఆ క్షణాన ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చెప్పే జాబితా) జత చేయండి. జీడీబీ అనే డీబగ్గర్‌లో ‘థ్రెడ్ అప్లై ఆల్ బీటీ ఫుల్’ అంటే అన్ని థ్రెడ్లదీ (ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే పనులన్నిటిదీ) వస్తుంది. ఫంక్షన్ పేర్ల చోట ప్రశ్నార్థకాలు కనిపిస్తే డీబగ్ సింబల్స్ (ఫంక్షన్ పేర్లు చెప్పే అదనపు సమాచారం) లేవని, అవి వేసుకుని మళ్ళీ తీయాలి. స్క్రీన్‌షాట్ కాకుండా టెక్స్ట్‌గా పెట్టండి, రేపు ఇంకొకరు వెతికితే దొరకాలి. లాగ్‌లో పాస్‌వర్డులు, టోకెన్లు ఉన్నాయేమో ఒకసారి చదవండి. క్రాష్ అయినప్పుడు మిగిలే కోర్ డంప్‌ను బహిరంగంగా పెట్టనే వద్దు, అది ప్రోగ్రామ్ మెమరీకి నకలు, అందులో ఏదైనా ఉండొచ్చు.

కాలాన్ని కోయడం

నిన్న పనిచేసి ఇవాళ పాడైనదాన్ని రిగ్రెషన్ అంటారు. బగ్‌లన్నిటిలో పట్టుకోవడానికి ఇదే తేలిక. లైనక్స్ కెర్నల్‌లో రిగ్రెషన్లకు ప్రత్యేక ప్రాధాన్యం కూడా ఉంది. సోర్స్ కోడ్ తెచ్చుకుని, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ టూల్‌తో ‘గిట్ బైసెక్ట్ స్టార్ట్’ అనండి. పాడైన వెర్షన్‌ను ‘గిట్ బైసెక్ట్ బ్యాడ్’ అని, బాగున్నదాన్ని ‘గిట్ బైసెక్ట్ గుడ్’ అని చెప్పండి. గిట్ ఆ రెంటి మధ్యలో ఉన్న కమిట్‌ను (చరిత్రలో నమోదైన ఒక్కో మార్పును కమిట్ అంటారు) తెచ్చిపెడుతుంది. బిల్డ్ చేసి (కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చి), పరీక్షించి, గుడ్డో బ్యాడో చెప్పాలి. 1,000 కమిట్లకు సుమారు 10 అడుగులు. పరీక్ష స్క్రిప్టుగా రాయగలిగితే ‘గిట్ బైసెక్ట్ రన్’ దానంతటదే తిరుగుతుంది: స్క్రిప్టు 0 ఇస్తే బాగున్నట్టు, 1 ఇస్తే పాడైనట్టు, 125 ఇస్తే ఈ కమిట్ వదిలేయమన్నట్టు. బిల్డ్ కాని కమిట్ తగిలితే 125 ఇవ్వాలి. 1 ఇస్తే నిర్దోషి మీద నేరం పడుతుంది.

అసలు దెబ్బ తగిలేది అప్పుడప్పుడూ మాత్రమే వచ్చే బగ్‌ల దగ్గర. ఐదుసార్లకు ఒకసారి వచ్చే క్రాష్‌ను ఐదుసార్లే నడిపి చూస్తే, అది కనబడకుండా పోయే అవకాశం 33 శాతం. 20 సార్లు నడిపితే 1 శాతానికి దిగుతుంది. ఒక్కసారి తప్పుగా ‘గుడ్’ అన్నా ఆ తర్వాతి అడుగులన్నీ వృథా. అందుకే దొరికిన కమిట్‌ను వెనక్కి తీసి బిల్డ్ చేయండి. బగ్ పోతేనే పేరు బయటపెట్టండి.

కంపైల్ చేయడం రాదా? ఫైర్‌ఫాక్స్‌కి ‘మోజ్‌రిగ్రెషన్’ ఉంది, సిద్ధంగా ఉన్న బిల్డులను తానే దించి ఒక్కొక్కటీ తెరుస్తుంది. మీరు బాగుందో లేదో చెబితే చాలు. లిబ్రేఆఫీస్ కూడా ఇలా కోయడానికే ముందుగా బిల్డ్ చేసిన రిపాజిటరీలు ఇస్తుంది.

బయట చెప్పకూడనివి

ఎక్కువ కళ్ళు పడితే ఏ బగ్ అయినా బయటపడుతుందని అంటారు. ఆ కళ్ళు నిజంగా అటు చూస్తుండాలి. 2012 మార్చిలో, ఇంటర్నెట్ సంభాషణలను ఎన్‌క్రిప్ట్ చేసే ఓపెన్ఎస్ఎస్ఎల్ లైబ్రరీ 1.0.1తో వచ్చిన హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా బగ్, 2014 ఏప్రిల్ దాకా అందరి ముందూ ఉన్న కోడ్‌లోనే కూర్చుంది. 2024లో ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ టూల్ 5.6.0, 5.6.1లో ఎవరో దాచిన దొంగదారి మాత్రం కొద్ది వారాల్లోనే దొరికింది. ఎస్ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న మెషీన్‌లోకి వెళ్ళే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యం కావడం ఏమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ కొలుస్తూ పోవడమే కారణం. కాబట్టి “నెమ్మదిగా ఉంది” అని రాయకండి, ముందెంత, ఇప్పుడెంత అన్నది రాయండి.

మీకు దొరికింది ఇంకొకరి సిస్టమ్‌లోకి దూరడానికి పనికొచ్చేదైతే అందరూ చూసే చోట రాయొద్దు. చాలా ప్రాజెక్టుల్లో ‘సెక్యూరిటీ’ అనే ఫైల్ ఉంటుంది, అందులో చెప్పిన దారిలో రహస్యంగా పంపండి. సరిచేయడానికి 90 రోజుల గడువు ఇవ్వడం చాలామంది పాటించే పద్ధతి. భద్రతా సమస్యో కాదో తేలకపోతే, అవునన్నట్టే ప్రవర్తించండి.

ప్యాచ్ వచ్చాక

పరీక్షించమని ప్యాచ్ (బగ్‌ను సరిచేసే కోడ్ మార్పు) ఇస్తే, ముందు ప్యాచ్ లేకుండా అదే సోర్స్‌ను బిల్డ్ చేసి క్రాష్ వస్తోందని చూడండి, తర్వాత ప్యాచ్‌తో. మొదటిది చేయకపోతే ప్యాచ్ వల్ల పోయిందో, మీ బిల్డ్‌లో అసలు రాదో చెప్పలేరు. మీ నాలుగు అక్షరాల ఫైల్‌ను ప్రాజెక్టు టెస్టుల్లో చేర్చమని అడగండి, ఇంకో ఏడాదికి ఎవరైనా ఆ కోడ్ కదిపి మళ్ళీ పాడుచేస్తే అదే అరుస్తుంది. ప్యాచ్ కలిశాక కూడా మీ డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీలోకి రావడానికి నెలలు పట్టొచ్చు. అంత ఆగలేకపోతే ఆ కమిట్ ఐడీ ఇచ్చి, ఆ మార్పును తమ పాత వెర్షన్‌లోనూ కలపమని (దీన్నే బ్యాక్‌పోర్ట్ అంటారు) ప్యాకేజీ చూసేవాళ్ళను అడగండి.