అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో గొడవ ముదరకుండా చూడటం ఎలా

మియాపూర్ అయినా మల్కాజిగిరి అయినా, రెండొందల ఫ్లాట్లున్న చోట గ్రూపులో తగాదాలు పుట్టేది దాదాపు ఒకే చోట: నల్లా నీళ్లు, సెల్లార్ పార్కింగ్, మెయింటెనెన్స్ బాకీలు. నీళ్ల మీద మొదలైన మాట పది మెసేజ్‌లు దాటేలోపే "కిరాయికి ఉండేటోళ్లకు ఎందుకు" దాకా పోతుంది. అడ్మిన్ కదలాల్సింది అంతకన్నా ముందే.

మొదట గ్రూపును రెండు చేయండి. ఒకటి నోటీసులకే, సెట్టింగ్స్‌లో మెసేజ్ పంపే వీలు అడ్మిన్లకు మాత్రమే ఉంచాలి. ట్యాంకర్ టైము, లిఫ్ట్ రిపేరు అందులో. రెండోది మాట్లాడుకోవడానికి. రెండూ ఒకటే అయితే, గొడవ భరించలేక మ్యూట్ చేసుకున్నవాళ్లకు నీళ్ల కబురు కూడా అందదు.

అడ్మిన్లు ముగ్గురు ఉండాలి. అందులో ఒకరు కిరాయికి ఉండేవారు, ఒకరు కమిటీలో లేనివారు అయితే మేలు. కమిటీ ప్రెసిడెంట్ ఒక్కరే అడ్మిన్ అయితే, ఎంత న్యాయంగా మెసేజ్ తీసేసినా విమర్శను నొక్కేశారనే అంటారు.

"మర్యాదగా మాట్లాడండి" అని నియమం రాస్తే పనిచేయదు. చేయకూడనిదేదో తేటగా చెప్పాలి: కులం, మతం, ప్రాంతం, సొంతిల్లా కిరాయా అన్న మాట ఎత్తొద్దు. బాకీ ఉన్నవాళ్ల ఫ్లాట్ నంబర్లు పెట్టొద్దు. అడగకుండా ఎవరి ఫోటో పెట్టొద్దు. ఈ మూడూ గ్రూప్ డిస్క్రిప్షన్‌లో ఉంటే చాలు.

ఎవరైనా మాట జారితే ముందు స్క్రీన్‌షాట్ తీయండి. తేదీ, సమయం కనిపించాలి. నంబరు పేరుతో సేవ్ అయి ఉంటే ప్రొఫైల్ తెరిచి నంబరుతో ఇంకొకటి తీయాలి. ఆ తర్వాతే అందరి ఫోన్లలోనూ పోయేలా డిలీట్ చేయాలి. ముందే తీసేస్తే, "నేనలా అనలేదు" అన్నప్పుడు చూపడానికి ఏమీ మిగలదు. గ్రూపులో ఒక్క లైను చాలు: "మొదటి నియమం ప్రకారం ఒక మెసేజ్ తీసేశాం." పేరు వద్దు.

తర్వాత ఫోన్ చేయాలి, అదీ మాట పడ్డవారికి ముందు. చాలామంది అడ్మిన్లు వీళ్లనే మరిచిపోతారు. ఆపైన అన్నవారికి. మెసేజ్ పెట్టొద్దు, అది స్క్రీన్‌షాటై గ్రూపులోకి తిరిగొస్తుంది. "అన్నా, ముందు నీళ్ల సంగతి చెప్పండి" అని మొదలుపెడితే సగం వేడి అక్కడే దిగుతుంది.

అర్ధరాత్రి పదిమంది ఒకేసారి పోట్లాడుతుంటే గ్రూపును అడ్మిన్లకే పరిమితం చేసి, "పొద్దున 7కి తెరుస్తాం" అని రాయండి. టైము చెప్పకపోతే తెల్లారేసరికి ఇంకో గ్రూపు పుడుతుంది.

రెండుసార్లు చెప్పినా వినకపోతే, ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకున్నాకే 7 రోజులు తీసేయండి. నోటీసు గ్రూపులో మాత్రం ఉంచాలి. నీళ్ల కబురు వాళ్లకూ కావాలి. ఇన్వైట్ లింక్ రీసెట్ చేసి, కొత్తవారికి అడ్మిన్ అనుమతి తప్పనిసరి చేయండి. లేదంటే వేరే నంబరుతో వస్తారు.

బెదిరింపులు, వెంటపడటం, మార్ఫింగ్ ఫోటోలు అడ్మిన్ పంచాయితీతో తేలేవి కావు. సాక్ష్యమని కూడా ఆ ఫోటో ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు. బాధితుల ఫోన్‌లో చాట్ చెరపకుండా ఉంచి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయాలి. ఆడవాళ్లయితే తెలంగాణ పోలీసుల మహిళా భద్రతా బృందాలైన షీ టీమ్స్‌కూ చెప్పొచ్చు. ప్రాణభయం ఉంటే వెంటనే 112. ఐటీ చట్టం 66ఎ కింద కేసు పెట్టమని మాత్రం రాయొద్దు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర మెసేజ్‌లను నేరంగా చూసిన ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది.