లాంటానా కుర్చీ కొనేముందు ఇవి చూడండి

బెంగళూరు మారతహళ్లిలో ఇంటీరియర్స్ పని చేస్తాను. కొత్త ఫ్లాట్‌కి కేన్ సోఫా కావాలని వచ్చే మనవాళ్లకి ముందు లాంటానా చూపిస్తాను. ఈ పొదని బ్రిటిష్ కాలంలో పూల అందం కోసం మన దేశానికి తెచ్చారు. ఇప్పుడది అడవుల్లో గడ్డిని కూడా మొలవనివ్వకుండా అల్లుకుపోయింది. కర్ణాటకలోని మలెమహదేశ్వర కొండల్లో సోలిగ గిరిజనులు దాని కాడలు కోసి ఫర్నిచర్ చేస్తున్నారు. వాళ్లకి ఈ పనిలో తోడుగా నిలిచింది బెంగళూరులోని ఏట్రీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ. మంచి చెట్టు ఒక్కటీ కొట్టక్కర్లేదు, పైగా ఈ కంప తీసినకొద్దీ అడవికి మేలు. నాకు ఇంతకంటే నచ్చిన మెటీరియల్ లేదు.

కాడల్ని నీళ్లలో ఉడకబెట్టి, బెరడు ఒలిచి, మెత్తగా ఉండగానే వంచుతారు. అందుకే కొనేటప్పుడు వంపుల దగ్గర గోటితో గీకి చూడండి. బెరడు మిగిలిపోతే అక్కడ పాలిష్ నిలవదు. కుర్చీని తిరగేసి, అతుకుల్లో మేకుల మొనలు పైకి లేచాయేమో తడమండి, చీరలు చిరుగుతాయి. కూర్చుని పక్కలకి ఊగండి. కిర్రుమంటే ఇంకో అడ్డకాడ వేయించమనండి. కణుపులు, వంకరలు ఉన్నాయని మాత్రం వద్దనకండి, దాని అందమే అది.

చెదలు దీని జోలికి అంతగా రావు. వానకి తడిస్తే మాత్రం బూజు పడుతుంది, ఓపెన్ బాల్కనీలో వేయకండి. అప్పుడప్పుడూ అవిసె నూనె పల్చగా పట్టించండి.

వార్డ్‌రోబ్‌కి ఇది కుదరదు, ప్లైవుడ్డే తీసుకోండి. ఫార్మాల్డిహైడ్ (ప్లైవుడ్ జిగురులోంచి వచ్చే హానికర వాయువు) తక్కువ వదిలే ఈ-జీరో గ్రేడ్ ముద్ర బోర్డు మీద చూశాకే డబ్బు కట్టండి.