ఇంట్లో ఇన్సులిన్ వేసుకునేవాళ్ళుంటే పిల్లలకి ఇది నేర్పండి

అమ్మో నాన్నో ఇన్సులిన్ మీద ఉన్న ఇంట్లో పిల్లలు నీళ్ళు అందించడం, మాత్రల డబ్బా తెచ్చివ్వడం ఎలాగూ చేస్తూనే ఉంటారు. ముందు నేర్పాల్సింది మాత్రం షుగర్ పడిపోతే ఏం చేయాలో. ఇన్సులిన్ వేసుకున్నాక టిఫిన్ ఆలస్యమైతే చాలు, చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడుతుంది, ఒక్కోసారి ఊరికే కసురుకుంటారు కూడా. ఆ కసురు జబ్బుదేగానీ తన మీద కోపం కాదని పిల్లకి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే భయపడి పక్క గదిలోకి పోయి కూర్చుంటుంది.

మూడు చిన్న చెంచాల పంచదార, అంటే సుమారు 15 గ్రాములు, పొట్లం కట్టి పిల్లలకి అందే అరలో పెట్టండి, పక్కనే ఒక గ్లాసు. మెలకువగా ఉండి మింగగలిగితే నీళ్ళలో కలిపి తాగించి, పక్కింటి పిన్నిని కేకేయాలి. 15 నిమిషాలకీ తేరుకోకపోతే మళ్ళీ అంతే. (షుగర్ ఫ్రీ బిళ్ళలు ఇక్కడ పనికిరావు, ఆ డబ్బా ఈ అరలో ఉండనే కూడదు.)

పిలిస్తే పలకకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఫోన్ లాక్‌లో ఉంటే ఎమర్జెన్సీ కాల్ నొక్కి 112. అడ్రస్ అంటే డోర్ నంబరొక్కటే కాదు, "రామాలయం వెనక సందు, నీలం గేటు" అని టెన్షన్‌లో కూడా గడగడా చెప్పేలా ఒకటికి రెండుసార్లు చెప్పించండి.

ఇన్సులిన్ సూది మాత్రం, ఎంత చురుకైన పిల్లయినా, వాళ్ళ చేత వేయించకండి.