ఇంట్లో ఒకరికి డయాలసిస్ పడితే ఖర్చును అదుపులో పెట్టుకోవడం ఎలా?

మా బాబాయిది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి దగ్గర కొబ్బరి తోటల మధ్య ఊరు. డయాలసిస్ పడిందనగానే అందరూ ఒకే మాట అన్నారు: "ఆరోగ్యశ్రీలో ఫ్రీయే కదా, టెన్షన్ ఎందుకు?" ఫ్రీ మాట నిజమే (ఆ పథకాన్ని ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు). అయినా ఏడాది తిరక్కుండానే పిన్ని మెడలో బంగారం పోయి పసుపుతాడు మిగిలింది. డబ్బు పోయింది మిషన్‌కి కాదు, మిషన్ దాకా వెళ్లి రావడానికి.

అందుకే మొదట ఒక నెలపాటు ప్రతి రూపాయీ నోటుపుస్తకంలో రాయండి. పిన్ని రాసిన పేజీ ఇదీ: వారానికి రెండుసార్ల చొప్పున నెలకు ఎనిమిది. ఆటో రానూపోనూ 300, మొత్తం 2,400. టిఫిన్, టీ 800. బయట కొన్న మందులు, రక్తపరీక్షలు 3,000. అక్కడితో గీత గీసేసింది. "నీ కూలి ఏది పిన్నీ?" అని అడిగితే నవ్వింది. తోడు వెళ్లిన రోజున ఆమెకు జీడిపప్పు ఒలిచే పని పోతుంది. రోజుకు 400 చొప్పున ఇంకో 3,200. మొత్తం 9,400. బాబాయి మంచాన పడి పోగొట్టుకున్న కూలి ఇందులో లేనే లేదు.

లెక్క కళ్లముందు ఉంటే దేన్ని తగ్గించాలో తెలుస్తుంది. మేం ముందు ఆటో మీద పడ్డాం. అదే సెంటర్‌కి వచ్చే పక్కూరి వాళ్లిద్దరితో మాట్లాడుకుని, సిస్టర్‌ని బతిమాలి ముగ్గురికీ ఒకే షిఫ్ట్ వేయించుకున్నాం. 300 కాస్తా 100 అయింది. ముగ్గురికీ కలిపి ఒక్కరే తోడు వెళ్తారు, వంతులవారీగా. రైలు మీద వెళ్లేవాళ్లు డాక్టర్ సర్టిఫికెట్ చూపిస్తే స్లీపర్‌లో రోగికీ, తోడు వెళ్లే ఒకరికీ టికెట్‌లో 75 శాతం రాయితీ ఉంది. చాలామంది వాడుకోరు.

తర్వాత మందుల చీటీ. కొనేముందే ఆస్పత్రిలో పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రకు చూపించి, ఏది పథకంలో వస్తుందో, ఏది బయట కొనాలో అడగండి. బయట కొనాల్సినవాటికి కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాయమని డాక్టర్‌ని అడిగి, ముందు జనౌషధి కేంద్రంలో చూడండి. పథకంలో ఉన్నదానికి డబ్బడిగితే 104కి ఫోన్ చేయండి. ఖర్చు తగ్గుతుందని డయాలసిస్ మాత్రం ఎగ్గొట్టకండి. ఒకసారి ఎగ్గొడితే ఆయాసంతో అర్ధరాత్రి అంబులెన్స్ ఎక్కాల్సి రావచ్చు. పసరు మందు జోలికీ పోకండి.

పింఛనుకు డయాలసిస్ మొదలైన వారంలోనే కదలండి. ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ రోగులకు నెలకు 10,000, తెలంగాణలో 2023 నుంచి 2,016 ఇస్తున్నారు. మంజూరుకు నెలలు పట్టొచ్చు కాబట్టి ఆధార్, రేషన్ కార్డు, డయాలసిస్ కాగితాల జిరాక్సులు నాలుగేసి సెట్లు తీసి ఒకే సంచిలో పెట్టండి. ఇంట్లో ఎవరైనా పాత పద్ధతిలో (ఓల్డ్ రెజీమ్) ఆదాయపు పన్ను కడుతుంటే 80డీడీబీ సెక్షన్ కింద 40,000 వరకు, రోగి 60 దాటినవారైతే లక్ష వరకు మినహాయింపు అడగొచ్చు.

అప్పు తప్పకపోతే వడ్డీ లెక్క ముందే వేసుకోండి. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. పిన్ని బంగారం మొదట తాకట్టు పెట్టింది ఆ వడ్డీకే. బ్యాంకులో పెడితే చాలా తక్కువ పడేది, ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. పొలం అమ్మే మాట ఎత్తేముందు కిడ్నీ మార్పిడి గురించి డాక్టర్‌తో మాట్లాడండి. అదీ ఆరోగ్యశ్రీలో ఉంది. ఇచ్చే బంధువు లేకపోతే, చనిపోయినవారి అవయవాలు ఇప్పించే ప్రభుత్వ కార్యక్రమం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించండి. మార్పిడి తర్వాత జీవితాంతం మందులు వాడాలి కాబట్టి, అవి ఎక్కడ దొరుకుతాయో, ఎంతవుతాయో ముందే అడిగి పుస్తకంలో రాసుకోండి.

ఇంకొకటి. మా వైపు ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఈ జబ్బు వచ్చినవాళ్లున్నారు. రోగిని తీసుకెళ్లిన రోజునే మిగతావాళ్లూ క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్ర పరీక్ష చేయించుకోండి. పిన్నిని ఒప్పించడానికి నాకు మూడు నెలలు పట్టింది. క్రియాటినిన్ 0.9 వచ్చింది, అంటే మామూలుగానే ఉంది. ఆ అంకెను నోటుపుస్తకం అట్ట మీద పెద్దగా రాసుకుంది.